బంగినపల్లి పూత విరగబూసింది, పిందె నిలవలేదు. తప్పంతా వాతావరణానిదేనా?

నూజివీడు_తోట – ఫిబ్రవరి 18, 2024

అందరికీ నమస్కారం. మాది నూజివీడు దగ్గర పల్లె. నాన్నగారు 1996లో పెట్టిన ఆరెకరాల తోట. బంగినపల్లి 230 చెట్లు, గట్టు వెంబడి పది చిన్నరసాలు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను, నెలకోసారి ఊరు వెళ్తాను.

తోటని గుత్తకు (కౌలుకు) తీసుకున్నాయన పోయినవారం ఫోన్ చేసి, "మిచాంగ్ తుపాను దెబ్బకి పూత మాడిపోయింది, రెండో విడత డబ్బు ఇవ్వలేను" అన్నారు. నిన్న వెళ్లి చూశాను. పూత రాకపోవడం కాదు, చెట్టు నిండా వచ్చింది. కానీ కొమ్మ పట్టుకుని ఊపితే ఎండిన పూత చేతిలోకి రాలుతోంది. ఆకుల మీద నల్లగా మసి పట్టింది, తాకితే వేలికి జిగట.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి. మా తోట పక్కనే పెదనాన్నగారి అబ్బాయి తోట. మధ్యలో ఒక ముళ్లకంచె, అంతే. అదే ఎర్ర నేల, అదే వాన, అదే మంచు. వాళ్ల చెట్లకి గోలీకాయంత పిందెలు గుత్తులుగా ఉన్నాయి. తుపాను కంచె చూసి ఆగదు కదా! అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఏం జరిగి ఉంటుంది?

తిరువూరు_పెద్దరైతు – ఫిబ్రవరి 18

బాబూ, నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పు, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

గుత్తకు ఇచ్చి ఎన్నేళ్లయింది? కల్తార్ (చెట్టు మొదట్లో పోసే పూత మందు) పోస్తున్నారా? పూత మీద మందు ఎప్పుడు కొట్టారు? చెట్టు మొదలు దగ్గర నిలబడి తలెత్తి చూస్తే ఆకాశం కనపడుతుందా?

నూజివీడు_తోట – ఫిబ్రవరి 18

తొమ్మిదేళ్లు అయింది మామయ్యా. మూడేళ్లకోసారి కాగితం రాసుకుంటాం. చెల్లెలి పెళ్లికి మొదటిసారి ఇచ్చాం, తర్వాత అలవాటైపోయింది. కల్తార్ ఏటా ఆగస్టులో పోస్తారని పాలేరు చెప్పాడు. ఎంత పోస్తారో అతనికి తెలియదు. మందు సంక్రాంతి వెళ్లాక రెండుసార్లు కొట్టారట, అప్పటికి పూత పూర్తిగా విచ్చుకుంది.

ఆకాశం కనపడదు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా చెట్టు కింద చీకటిగా ఉంటుంది. కొమ్మలు తీయిద్దామని నేను రెండుసార్లు అన్నాను. "కాసే చెట్టు పచ్చికొమ్మ మీద కత్తి పెడితే పాపం" అని నాన్న ఒప్పుకోలేదు.

ఉద్యాన_పాఠం – ఫిబ్రవరి 19

నేను వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను, ఇప్పుడు రైతులతో పని చేస్తున్నాను. వాతావరణం తప్పు లేదని అనను, ఈ ఏడాది దానిది పెద్ద వాటానే. ఆ వాటా ఎంతో ముందు చూద్దాం.

మామిడికి పూత రావాలంటే రెండు కలిసిరావాలి. కొమ్మ ముదరాలి, రాత్రులు చల్లబడాలి. జూన్, జులైలో వేసిన చిగురు నవంబరుకి నాలుగైదు నెలల వయసుకొస్తుంది. ఆపైన కొన్ని వారాలు రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపుకు దిగి నేల కొంచెం ఎండితే మొగ్గ పూతగా తిరుగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో గట్టి వానలు పడితే అదే మొగ్గ మళ్లీ చిగురు వేస్తుంది. ఆ లేత చిగురుకు ఆ ఏడాది పూత రావడం కష్టం. అందుకే మన పెద్దవాళ్లు స్వాతి, విశాఖ కార్తెల్లో మామిడికి నీళ్లు చూపించేవాళ్లు కాదు.

2023 ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కన్నా వేడెక్కిన ఏడాది. చలి ఆలస్యమైంది. దాని మీద డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటి ముదిరిన మొగ్గను తడిపి పెట్టింది. పూత ఆలస్యంగా, ఒకేసారి కాకుండా విడతలుగా వచ్చింది. ఆ తర్వాత మంచు. తెల్లారి తొమ్మిదింటి దాకా పూత తడిగా ఉంటే బూడిద తెగులు, పక్షికన్ను తెగులు పట్టుకుంటాయి. మబ్బుగా ఉంటే ఈగలు, తేనెటీగలు ఎగరవు. మామిడిలో పరాగసంపర్కం ఎక్కువగా జరిగేది ఈగల వల్లే, ఇది చాలామందికి తెలియదు.

ఇంకొకటి. పూతకొమ్మలో వందలు, ఒక్కోసారి వేల పువ్వులు ఉంటాయి. అందులో చాలా వరకు మగపువ్వులే. పిందె కట్టేది మగ, ఆడ భాగాలు రెండూ ఉన్న ద్విలింగ పువ్వులకే. పూతకొమ్మ ఎదిగే రోజుల్లో మరీ చలిగా ఉంటే మగపువ్వుల శాతం పెరుగుతుంది. అంటే చలి మొగ్గకు కావాలి, పువ్వుకు ఎక్కువ కాకూడదు. మామిడితో వచ్చిన చిక్కే ఇది.

ఇదంతా కంచెకి రెండువైపులా సమానం. తేడా ఎక్కడుందో తెలియాలంటే మీరు మళ్లీ తోటకు వెళ్లాలి. రెండు తోటల నుంచి పది పూతకొమ్మల చొప్పున కోసి, తెల్లకాగితం మీద పెట్టి ఫోటోలు తీయండి. పొడవు కొలవండి.

జగిత్యాల_దశేరి – ఫిబ్రవరి 19

అన్నా, మా దగ్గర పరిస్థితి వేరే. పోయిన ఏడాది మార్చిలో వడగండ్లు పడ్డాయి. పొద్దున నిమ్మకాయంత కాయలు చూసుకుని ఇంటికి వచ్చిన, సాయంత్రానికి చెట్టు కింద తెల్లగా రాళ్లు, వాటి మధ్య పచ్చగా కాయలు. దానికి ఎవరేం చేస్తరు? కొమ్మలు తీసినా, మందు కొట్టినా వడగండ్లు ఆగయి. వాతావరణం తప్పు కాదంటే నేను ఒప్పుకోను.

కానీ నా తప్పు కూడా ఒకటి చెప్తా. ఢిల్లీ మార్కెట్‌లో రేటు బాగుందని పదెకరాలు మొత్తం దశేరి ఒక్కటే పెట్టిన. దశేరి తన పుప్పొడితో తాను పిందె కట్టదు, వేరే రకం పక్కన ఉండాలె. మొక్కలు అమ్మినోళ్లు ఆ మాట చెప్పలేదు, నేను అడగలేదు. ఎనిమిదో ఏడు దాకా పూత చూసి మురిసిపోవుడు, కాయ లేక ఏడ్చుడు. తర్వాత వరుస విడిచి వరుసలో కొన్ని చెట్లకు వేరే రకం అంటు కట్టించిన. ఇప్పుడు కాస్తోంది.

గుత్త_వ్యాపారి – ఫిబ్రవరి 19

ఇక్కడ గుత్తదారుల మీదికి వస్తున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. ఇరవై ఏళ్లుగా ఇదే నా బతుకు.

రైతుకు దసరాకి డబ్బు కావాలి. అప్పటికి చెట్టు మీద మొగ్గ కూడా ఉండదు. అయినా ఇస్తాం. ఆ డబ్బు మేం బయట వడ్డీకి తెస్తాం. పూత రాకపోయినా, గాలివాన వచ్చినా, రేటు పడిపోయినా రైతుకిచ్చింది వెనక్కి రాదు. అందుకే ఖచ్చితంగా పూత తెప్పించుకోవాలి. కల్తార్ పోయకుండా గుత్త చేయమంటే ఎవరూ చేయలేరు.

కొమ్మలు ఎందుకు తీయరని అడుగుతారు. తీస్తే ఫలితం రెండో ఏడాదికో మూడో ఏడాదికో కనపడుతుంది. అప్పటికి తోట నా చేతిలో ఉంటుందని నమ్మకం ఏది? పశువుల ఎరువూ అంతే. నేను తోలిన ఎరువుకి ఇంకొకరు కాయ కోసుకుంటారు. ఇందులో నా దుర్మార్గం ఏమీ లేదు, కాగితం అలా రాసుకున్నాం.

తిరువూరు_పెద్దరైతు – ఫిబ్రవరి 20

వ్యాపారి గారు నిజాయితీగా చెప్పారు. నేను నలభై ఏళ్లుగా చూస్తున్నది ఇదే. మామిడి తోట అంటే మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది: ఒకసారి పెట్టి వదిలేస్తే తాతలనాటి నుంచి మనవల దాకా అదే కాస్తుందని. వరికి నీళ్లు కడతాం, మిరపకి రోజూ తిరుగుతాం. మామిడికి మాత్రం కోతకే వెళ్తాం. పిల్లలు ఊళ్లు దాటాక అది కూడా లేదు. ఏడాదికోసారి బ్యాంకులో డబ్బు పడితే తోట బాగున్నట్టే లెక్క.

చెట్టుకు అరవై ఏళ్లకు పైగా ఆయుష్షు. దాన్ని చూసుకునేవాడి చేతిలో మూడేళ్ల కాగితం. అబ్బాయీ, మీ తోటకీ పక్కతోటకీ తేడా అక్కడ మొదలైంది.

చీనీ_అనంతపురం – ఫిబ్రవరి 20

మా చీనీ (బత్తాయి) తోటల్లో ఇదే కథ వేరే రూపంలో ఉంటుంది. చీనీకి మేం బెట్ట పెడతాం. నీళ్లు ఆపి, ఆకు వడలి కొంత రాలే దాకా ఎండనిచ్చి, మళ్లీ ఎరువు వేసి తడి ఇస్తే పూత ఒక్కసారిగా వస్తుంది. ఏ నెలలో బెట్ట పెట్టాలనేది ఎండను బట్టి, మార్కెట్‌ను బట్టి రైతు తేల్చుకుంటాడు. బెట్ట మధ్యలో అనుకోని వాన పడితే పూత చెదిరిపోతుంది. ఎక్కువ రోజులు ఎండబెడితే చెట్టే ఎండుతుంది. మా ఊళ్లో బోర్లు ఎండిన ఏళ్లలో, బెట్ట ఎక్కడ ఆపాలో రైతు చేతిలో లేకుండా పోయింది. ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లు బతికించుకున్నాం.

ఫ్రెస్నో_తెలుగు – ఫిబ్రవరి 21

కాలిఫోర్నియాలో పిస్తా తోటల్లో పనిచేస్తున్నాను. మంచు గురించి మీ మాటలు చదివి రాయాలనిపించింది. ఇక్కడ శాన్ వాకీన్ లోయలో చలికాలం ట్యూలే ఫాగ్ అనే దట్టమైన పొగమంచు పడుతుంది. అది ఇక్కడి తోటలకి వరం. పిస్తా, చెర్రీ లాంటి చెట్లకి వసంతంలో సరిగ్గా పూయాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు వందల గంటలు గడవాలి. ఎండ మొగ్గ మీద పడకుండా ఆ పొగమంచు కాపాడుతుంది. కొన్ని దశాబ్దాలుగా అది తగ్గుతూ వస్తోంది. 2014-15 చలికాలం వెచ్చగా గడిచాక మగచెట్లు ఒకప్పుడు, ఆడచెట్లు ఒకప్పుడు పూసి, 2015 కోతలో చాలా తోటల్లో గింజలేని పెంకులే వచ్చాయి.

మా నాన్నగారిది ఆగిరిపల్లి. సంక్రాంతికి మంచు పడితే ఆయన అరుగు మీద కూర్చుని దిగులుపడేవారు. ఇక్కడ మా తోట యజమాని మంచు పడనందుకు దిగులుపడతాడు.

నూజివీడు_తోట – ఫిబ్రవరి 25

చెప్పినట్టే చేశాను. ఫోటోలు పెట్టాను, చూసింది రాస్తాను.

పక్కతోట పూతకొమ్మలు జానెడు దాటి పొడుగ్గా, వదులుగా ఉన్నాయి. మావి చాలావరకు బెత్తెడు, అంతకన్నా చిన్నవి కూడా. పువ్వులన్నీ ముద్దలా ఒకదాని మీద ఒకటి. ఆకులూ అంతే, కణుపులు దగ్గరపడి చీపురు కట్టలా గుబురుగా వచ్చాయి. లోపలి కొమ్మల దగ్గరికి తల పెట్టి పూతకొమ్మని చిన్నగా తట్టాను. సన్నటి చినుకు పడినట్టు టపటపమని శబ్దం వచ్చింది. పసుపు, గోధుమరంగు కలిసిన చిన్న పురుగులు, గోధుమగింజ కన్నా చిన్నవి, ముఖం మీదికి ఎగిరాయి. పక్కతోటలో తడితే రెండో మూడో ఎగిరాయి.

ఒక పూతకొమ్మలో పూలన్నీ విడదీసి చెల్లెలి కొడుకుతో కలిసి భూతద్దం పెట్టి చూశాను. మధ్యలో చిన్న ఆకుపచ్చ బుడిపె ఉన్న పువ్వులు, అంటే పిందె కట్టేవి, వెతికితేగానీ దొరకలేదు.

ఉద్యాన_పాఠం – ఫిబ్రవరి 25

చాలా ఓపికగా చేశారండీ. ముద్దలా కుంచించుకుపోయిన పూత, దగ్గరపడ్డ కణుపులు కల్తార్ మోతాదు మించిన గుర్తులు. చెట్టు కొమ్మలు పరుచుకున్న వెడల్పుకి మీటరుకు 3 మి.లీ. చొప్పున లెక్క కట్టి, నీళ్లలో కలిపి, వేర్లు తాగే చోట పోయాలి. అది నేలలో చాలాకాలం ఉండిపోతుంది. ఏటా అంతే పోస్తే పాతదాని మీద కొత్తది చేరుతుంది. బలంగా ఉండి గుబురుగా ఎదిగే చెట్టుకు అది పనికొస్తుంది. నీళ్లు, ఎరువు సరిగా లేని చెట్టుకు శిక్ష.

తట్టితే ఎగిరింది తేనెమంచు పురుగు. గాలీ వెలుతురూ లేని చెట్టు దాని ఇల్లు. అది విసర్జించే తీపి జిగట మీదే మసి పెరుగుతుంది. మందు కొట్టాల్సింది పూతమొగ్గ కనపడగానే, పువ్వు విచ్చుకోకముందు. నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు అప్పుడే పడి ఉంటే బూడిద కూడా ఆగేది. నిండుపూత మీద కొట్టిన మందుకి పురుగుతో పాటు ఈగలూ, తేనెటీగలూ పోయాయి. ఉన్న కొద్దిపాటి ద్విలింగ పువ్వులకి కూడా పుప్పొడి మోసేవాళ్లు లేకుండా పోయారు.

తుపాను రెండు తోటల్నీ తడిపింది. పక్కతోట తట్టుకోగలిగింది, మీది తట్టుకోలేకపోయింది.

ఆగిరిపల్లి_కవిత – ఫిబ్రవరి 26

తమ్ముడూ, మా ఆయన పోయాక నాలుగెకరాలు నేనే చూసుకుంటున్నాను. మొదటి ఏడు గుత్తకు ఇచ్చేయమని చుట్టాలంతా అన్నారు. ఆడదానివి, చెట్టెక్కుతావా అన్నారు. చెట్టు ఎక్కక్కర్లేదు, చెట్టుని కిందికి దించుకోవాలి. అందుకే కొమ్మలు తీయించాను.

మా మామగారు కూడా మీ నాన్నలాగే పాపం అన్నారు. నేను వాదించలేదు. ఒక్క చెట్టు ఇవ్వమన్నాను. కోత అయిపోగానే, మృగశిర వాన పడేముందు, నడిమధ్య నిట్టనిలువుగా పోతున్న రెండు కొమ్మలు, ఎండుపుల్లలు, నేలకు ఆనిన కొమ్మలు తీయించి, కోసినచోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయించాను. రెండో ఏడు ఆ చెట్టు లోపలి కొమ్మలకి కాయ వచ్చింది. ఎండ తగిలి బుగ్గన ఎరుపు ఎక్కింది. ఆయనే మిగతా చెట్లు చూపించి "వీటికెప్పుడమ్మా" అన్నారు.

ఉగాదికి రేటు బాగుందని పిందె దశలోనే దులిపేయొద్దు. పచ్చడికి, ఆవకాయకి చిన్నరసాలు అమ్ముకోండి. బంగినపల్లి ముదిరేదాకా ఆగండి. చిక్కంతో (కర్రకు కట్టిన వలసంచితో), తొడిమ జానలో సగం ఉంచి కోస్తే సొన కారదు, మచ్చ పడదు. దిగుబడి లెక్కలో చెట్టు మీది కాయనే లెక్కపెడతారు, మచ్చపడి గంపలో మిగిలిపోయింది ఎవరూ లెక్కపెట్టరు.

నూజివీడు_తోట – జూన్ 16, 2024

అందరికీ ఒక కబురు. ఈ ఏడు 230 చెట్లకీ కలిపి మూడు టన్నులు కూడా రాలేదు. గుత్త కాగితం గడువు మే నెలతో అయిపోయింది. మళ్లీ రాయలేదు. నాన్నకి చాలా టెన్షన్‌గా ఉంది, రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నారు.

కవితక్క చెప్పినట్టు ఒక్క చెట్టు అడిగాను. నాన్న పది ఇచ్చారు. కత్తి పెట్టేముందు అమ్మ చెట్టు మొదట్లో పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టింది. పదింటిలో కొమ్మలు కోస్తుంటే నాన్న వెనక్కి తిరిగి నిలబడ్డారు. మిగతా చెట్లకి ఎండుకొమ్మలు మాత్రం తీయించాం. కల్తార్ ఈ ఏడు ఆపేశాం. చెట్టుకి పశువుల ఎరువు, పదేళ్లు పైబడిన చెట్టుకు చెప్పిన ప్రకారం నత్రజని, భాస్వరం, పొటాష్ కిలో చొప్పున వేస్తున్నాం.

నూజివీడు_తోట – డిసెంబరు 8, 2024

సెప్టెంబరు మొదట్లో విజయవాడని ముంచిన ఆ వానలకి మా తోటలో కూడా మూడురోజులు నీళ్లు నిలిచాయి. వరుసల మధ్య కాలువలు తీసి బయటికి పంపాం. అక్టోబరు నుంచి నీళ్లు పెట్టలేదు. ఇప్పుడు కొన్ని కొమ్మల్లో మొగ్గ ఉబ్బింది, కొన్నింటిలో చిగురు. పొటాషియం నైట్రేట్ కొట్టమంటారా?

ఉద్యాన_పాఠం – డిసెంబరు 8, 2024

ముదిరిన ఆకు, మడిస్తే విరిగే ఆకు ఉన్న కొమ్మలకి లీటరుకు 10 గ్రాములు కొట్టండి, మొగ్గ ఒకేసారి విచ్చుకుంటుంది. లేత చిగురున్న చెట్లని వదిలేయండి, వాటికి వచ్చేది ఏమీ లేదు. పూతమొగ్గ కనపడగానే గంధకం. నిండుపూతలో తోటలోకి మందు డబ్బా రానివ్వొద్దు.

నూజివీడు_తోట – జూన్ 8, 2025

కోత నిన్నటితో అయిపోయింది. మొత్తం పదకొండు టన్నులు. పక్కతోటకి ఇంకా చాలా దూరం. కానీ కొమ్మలు తీసిన పది చెట్లని విడిగా కోయించి తూయించాం. మిగతా చెట్ల సగటుకి దాదాపు రెట్టింపు వచ్చింది.

చిత్తూరు_తోతాపురి – జూన్ 10, 2025

సంతోషం అన్నా. మా దగ్గర ఈ ఏడు తోతాపురి కొమ్మలు వంగిపోయేలా కాసింది. కాయ ఎక్కువై పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుస. ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, కలిపి కిలోకి పన్నెండు రూపాయలన్నారు. ఫ్యాక్టరీ ఇచ్చే ఎనిమిది కోసమే రెండు రాత్రులు ట్రాక్టర్ మీద పడుకున్నాను. దిగుబడి గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోండి. మేం ఈసారి వాతావరణాన్ని తిట్టడానికి కూడా లేదు.

తిరువూరు_పెద్దరైతు – జూన్ 10, 2025

చిత్తూరు తమ్ముడూ, కాయ ఉండి అమ్ముకోలేకపోవడం కాయ లేకపోవడం కన్నా ఎక్కువ బాధ. ధైర్యంగా ఉండు. నూజివీడు అబ్బాయీ, మీ నాన్న ఏమంటున్నారు?

నూజివీడు_తోట – జూన్ 10, 2025

ఏమీ అనలేదు మామయ్యా. పొద్దున తోటకి వెళ్తే చిన్న డబ్బాలో సున్నం, కుంచె పట్టుకుని చెట్టు చెట్టుకీ తిరుగుతున్నారు. ఈసారి తీయాల్సిన కొమ్మల మీద బొట్లు పెడుతున్నారు. మధ్యాహ్నానికి నలభై రెండు చెట్లు అయ్యాయి. ఆదివారానికి మనుషుల్ని మాట్లాడాను.